మందు మానేశాక పండగల సీజన్ దాటడం: జేసీ రోడ్డు షాపువాడి పద్ధతులు

బెంగళూరు జేసీ రోడ్డులో నాది బైకు స్పేర్ పార్టుల షాపు. సొంతూరు మదనపల్లి పక్కన పల్లె. పందొమ్మిదేళ్లు తాగాను. చివరి ఆరేళ్లు, పొద్దున షట్టర్ ఎత్తాలంటే ముందు ఓ నైంటీ లోపలికి పడాల్సిందే, లేకపోతే తాళంచెవి రంధ్రంలో దూరేది కాదు, చేయి అంత వణికేది. ఈ జనవరికి మానేసి నాలుగేళ్లు నిండుతాయి. మానాక నేను చూస్తున్న ఐదో సీజన్ ఇది. మొదటి సీజన్‌లో పడ్డాను. ఎక్కడ పడ్డానో ముందు చెబుతాను, ఎందుకంటే కింద చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం నుంచే పుట్టాయి.

మా రోడ్డులో సీజన్ ఆయుధపూజతో మొదలవుతుంది. షాపుకి గుమ్మడికాయ కొట్టి, కుర్రాళ్లకి బోనస్ ఇవ్వగానే సాయంత్రం పార్టీ ఎక్కడన్నా అని అడుగుతారు. తర్వాత దీపావళి, డిసెంబరులో కంపెనీల డీలర్ మీట్లు, క్రిస్మస్ కేకు, 31వ తేదీ, ఆపైన ఊళ్లో సంక్రాంతి. ఆ మొదటి ఏడు నేను 31కి భయపడ్డాను. రాత్రంతా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే మందు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే సంఘం) గ్రూపు మీటింగులో కూర్చుని గెలిచాను. భోగి దాటింది, పెద్ద పండగ దాటింది. ఊళ్లో అందరూ భుజం తట్టారు. కనుమ రోజు మధ్యాహ్నం మూడున్నరకి, నా 71వ రోజున, పడిపోయాను.

ఎలాగంటే, పొద్దున పశువుల్ని కడిగి కొమ్ములకి రంగులేసే హడావుడిలో టిఫిన్ తినలేదు. పదకొండింటికి బోరు మోటారు ఖర్చు దగ్గర మా అన్నతో మాటామాటా పెరిగింది. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు. ఇంటి వెనక నులక మంచం మీద కూర్చుని ఉంటే మేనమామ కొడుకు బండి ఆపి, "తోడు రా బావా, సిగరెట్లు తెచ్చుకుందాం" అన్నాడు. వాడు సిగరెట్లు కొనేది బ్రాందీ షాపు పక్క బంకులోనని నాకు తెలుసు. తెలిసే ఎక్కాను. గ్లాసు నా చేతికొచ్చింది సాయంత్రం ఐదున్నరకి, కానీ నేను తాగింది మూడున్నరకే, బండెక్కినప్పుడే. స్టీలు గ్లాసు, పక్కన విస్తరాకులో నాటుకోడి ముక్కలు, మామిడి తోపు. ఆ తోపు ఇప్పటికీ నాకు గొంతులో తగులుతుంది.

మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నాడు. సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు, పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి తెలుగులో సగం కన్నడం. తిరిగొచ్చాక ఆయన ముందు ఏడిస్తే, ఓదార్చకుండా నాలుగు వేళ్లు చూపించి లెక్కపెట్టాడు. "ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఒకటుంటే జాగ్రత్త పడాలా. రెండుంటే నాకు ఫోన్ చెయ్యాలా. నీకు నాలుగూ ఉండాయి కదా సామీ, ఇంకేం మిగిలింది?" ఈ నాలుగూ మీటింగులకు వెళ్లే ఎవరినడిగినా చెబుతారు, కొత్తవేం కావు. కానీ నా ఒక్క రోజులో నాలుగూ వరసగా నిలబడ్డాయని ఆయన చూపించేదాకా నాకు కనబడలేదు.

అందుకే నేను పార్టీకి ప్లాన్ వేయను. పార్టీకి ముందు గడిచే మూడు గంటల కోసం వేస్తాను.

కానీ దానికన్నా ముందు ఒక హెచ్చరిక. ఇంకా రోజూ తాగుతున్నవాళ్లు, ముఖ్యంగా పొద్దున లేవగానే తాగేవాళ్లు, పండగ వస్తోందని ఒక్కరోజులో ఆపేయకండి. మా వైపు ఈ సీజన్‌లోనే అయ్యప్ప మాల వేస్తారు. మాల వేసిన రోజు నుంచి చుక్క ముట్టరు. మామూలుగా తాగేవాడికి ఫర్వాలేదు, కానీ ఒళ్లు మందుకి అలవాటుపడ్డవాడికి ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో లేనివి కనబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం వస్తే అది ప్రాణం మీదకొచ్చే స్థితి. దాన్ని పూనకమనుకుని విభూతి పెట్టిన ఇల్లు నేను చూశాను. డాక్టరు దగ్గర మానితే కొన్ని రోజులపాటు మాత్రలతో, బీ1 విటమిన్‌తో నెమ్మదిగా దింపుతారు. బెంగళూరులో హోసూరు రోడ్డు నిమ్హాన్స్ ఆస్పత్రిలో వ్యసనాలకే ప్రత్యేక విభాగం ఉంది, ఓపీకి నేరుగా వెళ్లొచ్చు.

మాల గురించి ఇంకో మాట. నేను మూడుసార్లు వేశాను. మూడుసార్లూ 41 రోజులు నిష్ఠగా ఉన్నాను, మూడుసార్లూ మాల తీసిన సాయంత్రమే తాగాను. "41 రోజులు ఉండగలిగాను కదా, నాకు వ్యసనమేంటి" అని మా ఆవిడతో వాదించేవాణ్ని కూడా. స్వామి మీద భక్తి నిజమే. కానీ 42వ రోజుకి నా దగ్గర ప్లాన్ ఏదీ లేదు. ఈ ఏడు మాల వేసినవాళ్లు మీలో ఉంటే, ఇరుముడి సంగతి గురుస్వామి చూసుకుంటాడు. మీరు మాల తీసే రోజు సాయంత్రం ఎక్కడుంటారో, ఎవరితో ఉంటారో ఇప్పుడే తేల్చుకోండి.

సరే, ఆ మూడు గంటల సంగతి. డిసెంబరులో డీలర్ మీట్ అంటే రాత్రి ఏడున్నరకి మొదలని కార్డులో ఉంటుంది, తిండి మాత్రం పదిన్నరకి గాని పెట్టరు. అప్పటిదాకా మందూ, వేయించిన పల్లీలే. కాబట్టి ఆరింటికి షాపులోనే కడుపు నిండా తినేసి బయలుదేరతాను. మా ఆవిడ పెరుగన్నమో పులిహోరో డబ్బాలో పెడుతుంది. కడుపు నిండినవాడికి మందు వాసన అంత తియ్యగా తగలదు, ఇది నేను ఎన్నోసార్లు చూసుకున్నాను. జేబులో నాలుగు పల్లీ చిక్కీలు కూడా ఉంటాయి. మానిన కొత్తలో తీపి మీదకి మనసు తెగ లాగుతుంది. మొదటి ఏడాది లాగనివ్వండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగండి.

తర్వాతది, వెళ్లే ముందే తిరిగొచ్చే దారి. మానినవాడికి ఈ ఊళ్లో వచ్చే మొదటి పదవి డ్రైవరు పదవి. "నువ్వు తాగవు కదా, కారు నువ్వే తియ్యి" అంటారు. వాళ్ల భయం న్యాయమైనదే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, డిసెంబరంతా పోలీసులు ఊదిస్తూనే ఉంటారు. కానీ డ్రైవరుగా వెళితే ఆఖరి మనిషి ఆఖరి పెగ్గు ముగించేదాకా మీరక్కడే ఉండాలి. పైగా నలుగురి ఊపిరీ మూసిన కారులో గంటన్నర పీల్చాలి. మొదటి ఏడాది ఈ పదవి ఒప్పుకోకండి. "నేను తొమ్మిదింటికి వెళ్లిపోవాలి, మీరు క్యాబ్ పెట్టుకోండి" అని ముందురోజే చెప్పేయండి. నేను మెట్రోలో పోతాను. బనశంకరి దాకా గ్రీన్ లైను, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. 31న మాత్రం ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు, చర్చ్ స్ట్రీట్ వైపు సాయంత్రం నుంచే వాహనాలు ఆపేస్తారు, రాత్రి ఫ్లైఓవర్లు చాలావరకు మూసేస్తారు. ఆ రోజు అటు వెళ్లి ఇరుక్కోవడం కన్నా అసలు అటు పోకపోవడమే మేలు.

లోపలికి వెళ్లగానే చేతిలోకి ఒక గ్లాసు రావాలి. ఖాళీ చేయి కనబడితే చాలు, ఎవడో ఒకడు నింపుతాడు. నేను కౌంటరు దాకా నడిచి వెళ్లి సాల్ట్ లైమ్ సోడా నా కళ్ల ముందే కలిపించుకుంటాను. ఆ గ్లాసు కింద పెట్టను. బాత్రూంకి వెళ్లాల్సి వస్తే దాన్ని వదిలేసి, వచ్చాక కొత్తది తీసుకుంటాను. ప్రతి గ్లాసూ మొదట వాసన చూస్తాను. రెండేళ్ల కిందట స్ప్రైట్ అని ఇచ్చినదాన్లో వోడ్కా ఉంది. వెయిటరు పక్క టేబులుది నాకిచ్చాడు, పాపం కావాలని కాదు. ఇక జీరో బీర్లు. కొన్నిట్లో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉండొచ్చు. దానికన్నా ఆ నురగ, ఆ వాసన, ఆ క్యాను తెరిచే చప్పుడు నాలాంటివాడికి రిహార్సల్ లాంటివి. కొందరికి పనికొస్తాయట, వాదించను. నేను మాత్రం ముట్టను.

"ఎందుకు తాగట్లేదు?" అన్నదానికి జవాబు ఇంట్లోనే అద్దం ముందు పదిసార్లు అనుకుని వెళ్లండి. నవ్వొస్తుంది, అయినా అనుకోండి. నాది: "మానేశాను బావా, నాకు పడదు." అంతే. ఆపైన కారణం చెప్పను. కారణం చెబితే దానికో మందు చెబుతారు. లివరంటే రెడ్ వైన్ మంచిదంటారు, బీపీ అంటే ఒక్క పెగ్గు బీపీకే మంచిదంటారు. మన వైపు ప్రతి పెళ్లిలోనూ ఇలాంటి డాక్టర్లు ముగ్గురైనా ఉంటారు. అంత సూటిగా చెప్పే ధైర్యం ఇంకా రాకపోతే "మాత్రలు వాడుతున్నా" అనండి. ఆ రాత్రికి సత్యహరిశ్చంద్రుడిలా ఉండాల్సిన పని లేదు. అయితే "యాంటీబయాటిక్ ఐదు రోజుల కోర్సు" లాంటి అబద్ధం వద్దు. ఆరో రోజు ఫోన్ చేస్తారు. రెండుసార్లు చెప్పాక మూడోసారి కూడా పోస్తుంటే అది మర్యాద కాదు, లేచి వచ్చేయండి. శుభలేఖకి రుణపడి ఎవరూ చావలేదు.

తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర నిజంగానే వాడుతున్నవాళ్లకి ఈ సీజన్‌లో ఇంకో సంగతి ఉంది. మందు ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషం తయారై, వెంటనే అదీ విరిగిపోతుంది. ఈ మాత్ర ఆ రెండో మెట్టుని ఆపేస్తుంది. విషం పేరుకుపోయి ముఖం ఎర్రబారుతుంది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఇది జరగొచ్చు. కాబట్టి "ఈరోజు మాత్ర వేసుకోలేదులే" అన్న లెక్క పనికిరాదు. బెంగళూరులో క్రిస్మస్ ప్లమ్ కేకు పండ్లని చాలాచోట్ల రమ్ములో నానబెడతారు. కాల్చినా అంతా ఆవిరైపోదు. రమ్ము లేనిది కూడా దొరుకుతుంది, అడిగి కొనండి. పక్కింటివాళ్లు ప్రేమగా తెచ్చిస్తే తీసుకుని పిల్లలకో ఇంకొకరికో ఇవ్వకుండా, ముందు అడగండి. కొన్ని దగ్గు మందుల్లో, మౌత్‌వాష్‌లలో కూడా ఆల్కహాల్ ఉంటుంది. ఇక ఇంట్లోవాళ్లకి దండం పెట్టి చెబుతున్నా: ఈ మాత్రని అతనికి తెలియకుండా సాంబారులో, కాఫీలో కలపొద్దు. తెలియక తాగినవాడి ప్రాణం పోవచ్చు.

ఇప్పుడు బాటిల్ సంగతి. మూడో సీజన్‌లో వైట్‌ఫీల్డ్ వైపు ఒక హోటల్లో డీలర్ మీట్. నేను అన్నీ సరిగ్గా చేశాను. తిని వెళ్లాను, సోడా తాగాను, తొమ్మిదింటికి లేచాను. బయటికొస్తుంటే కంపెనీ కుర్రాడు పరుగెత్తుకొచ్చి గిఫ్టు సంచి చేతిలో పెట్టాడు. ఆ రోజు సరుకు తేవాల్సి ఉండి నా వ్యానులోనే వెళ్లాను. సంచి వెనక పడేసి బయలుదేరాను. మారతహళ్లి దాటాక బ్రేకు వేసినప్పుడల్లా సీటు కింద ఏదో దొర్లి ఇనుముకి తగిలి టక్ మంటోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. నిండు సీసా చప్పుడు వేరు, ఖాళీ సీసా చప్పుడు వేరు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ కదలదు, చప్పుడు ఆగదు. నోట్లో నీళ్లూరాయి. పార్టీ మొత్తంలో రానిది అప్పుడొచ్చింది, గెలిచాను అనుకున్న అరగంటకి.

పెట్రోల్ బంకు కనబడితే వ్యాను లోపలికి తిప్పి, దిగి, గాలి పట్టే కుర్రాడి పక్కన నిలబడి మా ఆవిడకి ఫోన్ చేశాను. "అక్కడే ఉండు, బండెక్కకు" అని ఆటోలో వచ్చింది. పావుగంట అంది గాని ముప్పావుగంట పట్టింది. ఆలోపు నా కోరిక దానంతటదే దిగిపోయింది. డాక్టర్లు కూడా ఇదే చెబుతారు, తాగాలన్న గుంజుడు అలలా లేచి ఎక్కువసార్లు అరగంటలోపే పడుతుంది. అది పడేదాకా నిలబడటానికి ఒక చోటు, ఒక మనిషి కావాలి. అంతే. ఇంటికొచ్చాక నేనే ఒలకబోద్దామని మూత తిప్పాను, సింకు దగ్గర ఆ వాసనకి మళ్లీ మొదలైంది. అది నా తప్పు. మూత మీరు తిప్పకండి. ఇంకొకళ్లు, మీరు లేనప్పుడు, చేయాల్సిన పని అది. ఇప్పుడైతే గిఫ్టు సంచి చేతికిచ్చినప్పుడే అక్కడే విప్పి చూసి, సీసా ఉంటే వెనక్కి ఇచ్చేస్తాను. కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడు. చిన్నబుచ్చుకోనీ.

ఫోన్ చేయడం అంటే గుర్తొచ్చింది. ఏఏ పుట్టిందే ఒక ఫోన్ వల్ల. 1935 మే నెల, అమెరికాలో ఆక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ అనే ఆయన మానేసి అయిదు నెలలు. వచ్చిన వ్యాపారం బెడిసికొట్టి, హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు బారు, ఇంకోవైపు టెలిఫోను. ఆయన టెలిఫోను వైపు నడిచాడు, చర్చిలకి ఫోన్లు చేసుకుంటూ పోతే చివరికి డాక్టర్ బాబ్ అనే ఇంకో తాగుబోతు దొరికాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఇక్కడిదాకా మీటింగుల్లో అందరూ చెబుతారు. నాకు నచ్చేది తర్వాతి ముక్క: ఆ డాక్టర్ బాబ్ మానేసిన కొన్ని వారాలకే డాక్టర్ల సమావేశానికని అట్లాంటిక్ సిటీ వెళ్లి తాగేశాడు. అదీ ఒక డీలర్ మీటే కదా. తిరిగొచ్చి జూన్ 10న ఆఖరి గుక్క తాగాడు. ఆ రోజునే ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

మీ ఫోన్‌లో ముగ్గురి నంబర్లుండాలి, ఒక్కరిది చాలదు. 31 రాత్రి ఒక్కరు ఎత్తకపోవచ్చు. వాళ్లకి మధ్యాహ్నమే చెప్పి పెట్టండి, "రాత్రి తొమ్మిదికి, పదకొండుకి చేస్తాను" అని. ఏం జరగకపోయినా చేయండి. అప్పుడు ఏదైనా జరిగినప్పుడు చేయడానికి సిగ్గు వేయదు. ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, రోజంతా ఎత్తుతారు, డబ్బు పడదు. మత్తు మానడానికే ప్రత్యేకంగా 14446 ఉంది.

31 రాత్రికి నాదో పని ఉంది కాబట్టి నాకు తోచకపోవడమనేది లేదు. మా గ్రూపులో టీ డ్యూటీ నాది. నాలుగు లీటర్ల పాలు, అల్లం, పేపరు కప్పులు, కుర్చీలు వేయడం, ఎత్తడం. పని లేని చేతులతో ఆ రాత్రి ఎక్కడా కూర్చోకండి. గ్రూపు లేకపోతే గుడిలో ప్రసాదం పంచండి, అపార్ట్‌మెంట్‌లో పిల్లల ఆటలకి మైకు పట్టుకోండి, ఏదైనా సరే.

ఇంట్లోవాళ్లకి రెండు ముక్కలే. గుమ్మంలో ఊపిరి వాసన చూడకండి. మా ఆవిడ మొదటి ఏడాది చూసేది, ఆ హక్కు ఆమెకి నేనే సంపాదించి పెట్టాను, కాదనను. కానీ శుభ్రంగా ఉండి వచ్చినరోజు ఆ ముక్కు దగ్గరికొస్తే "ఎటూ నమ్మరు కదా" అన్న పురుగు తొలుస్తుంది. "తాగలేదు కదా?" అనేదానికి బదులు "తిన్నావా?" అనండి. అలాగే చుట్టాల ముందు "మావాడు మానేశాడండీ" అని ప్రకటించకండి. అది అతను చెప్పుకోవాల్సిన మాట.

జారితే? జారినవాడిగా చెబుతున్నాను. ఆ రాత్రే ఎవరికైనా చెప్పండి. నేను కనుమ రోజు తాగి, "ఎలాగూ పోయింది కదా, పండగ అయ్యాక మళ్లీ మొదలుపెడదాం" అనుకుని ఎనిమిది రోజులు తాగాను. ఒక గ్లాసు వల్ల కాదు, ఆ "ఎలాగూ" అన్న మాట వల్ల వారం పోయింది. ఇంకోటి, కొన్నాళ్లు మానాక ఒళ్లు పాత కోటాని తట్టుకోదు. రెండు క్వార్టర్లు తాగేవాణ్ని కదా అని అంతే తాగితే ఆస్పత్రి పాలవుతారు. మళ్లీ రోజూ తాగుడులో పడి ఉంటే, ఆపడానికి మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఈ ఏడు కనుమకి నా ప్లాన్ ఇదీ. సంక్రాంతి రాత్రి ఎనిమిదింటికే తిని పడుకుంటాను. కనుమ పొద్దున టిఫిన్ తిన్నాకే పశువుల దగ్గరికి. బోరు మోటారు లెక్క పండగ అయ్యాక ఫోన్‌లో మాట్లాడదామని అన్నతో ముందే అనుకున్నాను. రెండింటి బస్సుకి మదనపల్లిలో ఎక్కి, చింతామణి మీదుగా చీకటి పడేసరికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగాలి. మా ఆవిడా పిల్లలూ కూడా నాతోనే. చిక్కల్లా మా అమ్మతోనే. కనుమ నాడు కాకి కూడా కదలదంటుంది, నాలుగేళ్లుగా ప్రతిసారీ గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది, సాయంత్రం ఊళ్లో వేసే చిట్లాకుప్ప మంట అయినా చూసి పొమ్మంటుంది. టికెట్లు తీశానని ఈసారి ఇంకా చెప్పలేదు. ఆదివారం ఫోన్ చేసి చెప్పాలి, అన్న చెప్పేసేలోపు.